సూది తొట్టిలో పెరుగు

నమోదు 401. వెలుగు పక్షం

పక్షానికోసారి ఆస్పత్రి దినచర్య రాసి పంపాలని పాతరపాలెం కమిటీ నిబంధన పెట్టింది. పంపినదాన్ని తాము చదవాలని మాత్రం ఎక్కడా పెట్టుకోలేదు. కిందటేడు విసుగెత్తి ఒకసారి గోధుమరవ్వ ఉప్మా చేసే పద్ధతి రాసి పంపాను. "పరిశీలించి ఆమోదించడమైనది" అని తిరిగొచ్చింది. కాబట్టి ఇకమీదట మొహమాటం లేకుండా రాస్తాను.

పొద్దున్నే గాలి జల్లెడలు దులిపించాను. మంచు గనిలో షిఫ్టు చేసి దిగినవాళ్ళ కళ్ళు కడిగాను. ఈ చంద్రుడి దుమ్ము ఉంది చూశారూ, ఎన్ని పొరల దుస్తులు తొడిగినా ఎలాగో లోపలికొస్తుంది. వచ్చిందంటే ఊపిరితిత్తుల్లో కాపురం పెట్టేస్తుంది. మా మేనమామ కోదండం ఇరవై ఏళ్ళకు పైగా ఆ దుమ్ములోనే తవ్వాడు. ఇప్పుడు నాలుగు మెట్లెక్కితే ఐదో మెట్టు మీద కూలబడతాడు. ఒంటి బరువు ఆరో వంతుకు తగ్గిపోయిన చోట మెట్లెక్కడానికి ఆయాసపడే మనిషి ఛాతీలో ఏం మిగిలిందో తెలుసుకోవడానికి వేరే పరీక్ష అక్కర్లేదు.

మధ్యాహ్నం పేరిందేవి గారు పోయారు. నిమోనియా. ఈ సొరంగంలో ఆ మాట ఎవరి నోటా విని ఇరవై ఏళ్ళు దాటింది. నా దగ్గరికి తెచ్చేటప్పటికే పెదాలు నీలం తిరిగాయి. ముందే వస్తే మందు ఉంది, బతికేది. జ్వరం దాచిపెట్టుకుంది. ఎందుకు దాచిందో అందరికీ తెలుసు. జ్వరం వస్తే ఊతబిడ్డను తీసేసుకుంటారు.

ఊతబిడ్డ అనేది మా ఊరి గొప్ప. భూమ్మీద పత్రికల్లో కూడా పడిందని మా వాళ్ళు మురిసిపోతుంటారు. అరవై దాటినవాళ్ళు గనికి వెళ్ళరు. తల్లిదండ్రులు పైన పనిలో ఉంటారు గనక ఏడాది నిండిన ప్రతి బిడ్డనూ ఒక పెద్ద మనిషికి అప్పగిస్తారు. బడికి వెళ్ళేదాకా ఇద్దరికీ ఒకటే కంచం. పొత్తున తింటారు. తాత కలిపిన ముద్ద పిల్ల నోట్లోకి వెళ్తుంది, పిల్ల సగం కొరికి వద్దన్నది తాత నోట్లోకి వస్తుంది. మా మామయ్య ఊతబిడ్డ పేరు ఆముక్త. నాలుగేళ్ళది. అది ఉమ్మిందాన్ని కూడా ప్రసాదమన్నట్టు కళ్ళకద్దుకుని తింటాడు.

పేరిందేవి గారిని సాగనంపే చోట చైర్మన్ గరుడాచలం గారు మాట్లాడారు. ఆవిడ ఈమధ్య పొద్దుటి ఆవిరికి సరిగ్గా రావడం లేదని, మిగతా పెద్దలైనా ఇది చూసి బుద్ధి తెచ్చుకోవాలని చెప్పారు. శవం పక్కన నిలబడి హాజరు పట్టీ చదివిన మనిషిని నేను మొదటిసారి చూశాను.

నమోదు 402. చీకటి పక్షం

ఇంకో ఇద్దరు పోయారు. ఇద్దరూ జ్వరం దాచినవాళ్ళే. ఇద్దరి ఊతబిడ్డలూ గుండ్రాళ్ళలా ఉన్నారు, ఒక్క తుమ్ము కూడా లేదు.

ఆవిరి సంగతి చెప్పాలి. ఈ ఊరు కట్టిన కొత్తలో ప్రతి చీకటి పక్షానికీ ఎవరో ఒక పెద్దాయన నిమోనియాతో పోయేవాడట. అప్పటి డాక్టరు నాకు గురువు. ఆయన పెద్దల జోలికే పోలేదు. సూదులు పట్టుకుని పిల్లల మీద పడ్డాడు. పాకే పిల్ల దగ్గర్నుంచి బడికెళ్ళే పిల్ల దాకా ఒక్కరినీ వదలకుండా టీకా వేశాడు. ఏడాది తిరక్కముందే ముసలివాళ్ళు చావడం ఆగింది. ఎందుకంటే ఆ క్రిమికి స్వంత ఇల్లు పిల్లల ముక్కు. అక్కడ హాయిగా కూర్చుంటుంది. ఎప్పుడో ఒక పిల్లకు చెవిపోటు తెప్పిస్తుంది, ఎక్కడో ఒకరికి గట్టి జబ్బు చేస్తుంది, మిగతా పిల్లల్లో ఉన్నట్టే తెలియదు. పక్కన అరిగిపోయిన ఊపిరితిత్తి దొరికితే మాత్రం దూకుతుంది. టీకా పడ్డ పిల్ల ముక్కులో దానికి చోటుండదు. చోటు లేకపోతే పక్కవాళ్ళ మీదికి దూకేది ఎక్కణ్ణుంచి?

ఇంత తేలిక సంగతి మా కమిటీ బుర్రకెక్కలేదు. సరిగ్గా ఆ ఏడే గరుడాచలం గారు పెద్దలందరికీ పొద్దున్నే నీలగిరి ఆకుల ఆవిరి పట్టించడం మొదలెట్టారు. చావులు ఆగాయి. అంతే, అది "గరుడాచలం ఆవిరి" అయిపోయింది. ఆ పేరు మీద ఆయన ఐదుసార్లు చైర్మన్ అయ్యారు.

ఆరేళ్ళ కిందట అందరికీ పెరుగు మీద మనసు పోయింది. భూమి నుంచి వచ్చే పెరుగు పొడిని నీళ్ళలో కలిపితే సున్నంలా ఉంటోందని, పెరుగన్నం లేకుండా భోజనం ముగిస్తే తిన్నట్టే ఉండడం లేదని గోల. సోయా పాలు తోడు పెట్టడానికి వేడి సమంగా నిలిపే పెద్ద తొట్టి కావాలి. అలాంటిది ఊరంతటికీ ఒక్కటే ఉంది. పిల్లల టీకా తయారుచేసేది. ఇరవై ఏళ్ళుగా ఒక్క పిల్లకు జబ్బు లేదు కదా, లేని జబ్బుకు మందెందుకు డాక్టరమ్మా అన్నారు చైర్మన్ గారు. నేను గంటసేపు వాదించాను. ఓట్లు వేయించారు. నేనూ, నా ల్యాబులో పనిచేసే యాకూబూ తప్ప చెయ్యెత్తనివాళ్ళు లేరు. మా మామయ్య రెండు చేతులూ ఎత్తాడు.

ఆ మర్నాటి నుంచి ఊరంతా కంచాల్లో వేళ్ళు నాకింది. అప్పట్నుంచి పుట్టిన ఒక్క బిడ్డకూ టీకా లేదు.

నమోదు 403. చీకటి పక్షం చివర

పిల్లల ముక్కుల్లో దూది పుల్ల పెట్టి చూశాం. అరవై ఎనిమిది మంది పిల్లలు, ఆరేళ్ళలో పుట్టినవాళ్ళంతా. ఒక్కొక్కరూ ఒక్కో విధంగా ఏడ్చారు. ఒకడు యాకూబు వేలు కొరికాడు. ఆముక్త ఏడవలేదు, పుల్ల బయటికి రాగానే దాన్ని తనకిచ్చెయ్యమని పేచీ పెట్టింది.

దూదికి అంటినదాన్ని పెంచిన గాజు పళ్ళేలు చూసి యాకూబు పిలిచాడు. "నలభై ఒక్క ముక్కుల్లో ఉంది మేడం. చనిపోయిన ముగ్గురి రక్తంలో ఉన్న రకమే. మన పాత టీకాలో ఉన్న రకం." భూమి నుంచి మూడేళ్ళ కిందట కొత్త కుటుంబాలు దిగాయి. వాళ్ళ పిల్లల ముక్కుల్లో అదీ దిగింది. ఇక్కడ చూస్తే ఖాళీ ముక్కులు బారులు తీరి ఉన్నాయి. దాని తప్పేం ఉంది, ఎవరైనా దిగుతారు.

ఆముక్త ముక్కులోనూ ఉంది.

కమిటీ ముందు ఉన్నదున్నట్టు చెప్పాను. సగంమంది నవ్వారు. చీమిడి కూడా కారని పిల్లల నుంచి జబ్బేమిటన్నారు. మిగతా సగం నవ్వకుండా మరీ ఘోరమైన మాటన్నారు. అయితే పిల్లల్ని పట్టుకెళ్ళి పాత సామాన్ల సొరంగంలో పెట్టేస్తే సరి అన్నారు. అక్కడ నీళ్ళు గడ్డకడతాయి. వీళ్ళ తెలివికి రెండే గేర్లు, ఒకటి నవ్వడం, రెండోది తలుపు వెయ్యడం. పిల్లల్ని ఎవరూ ఎక్కడికీ కదపక్కర్లేదు, వాళ్ళ మీద ఈగ వాలినా ఊరుకోను, పొత్తు కంచాలు మాత్రం కొన్నాళ్ళు ఆపండి, తొట్టి నాకివ్వండి అని అరిచాను.

పొత్తు కంచం ఆపమనేసరికి సభ లేచింది. ఊరి సంస్కృతి మీద చెయ్యి వేశానట. తొట్టి మాట ఎవరికీ వినిపించలేదు.

నమోదు 404. వెలుగు పక్షం

వినిపించిందని ఇవాళ తెలిసింది. ఎంత బాగా వినిపించిందంటే, టీకా చెయ్యాలంటే ముందు ఆ క్రిమినే తొట్టిలో పెంచాలి కదా అన్న సంగతి ఎవరో కనిపెట్టారు. క్రిమి పెరిగిన తొట్టిలో పెరుగు తోడు పెట్టారు. పెరుగు కఫం చేస్తుందని చిన్నప్పుడు వాళ్ళ నాయనమ్మలు చెప్పారు. ఛాతీలో కఫం చేరి ముసలివాళ్ళు పోతున్నారు. అన్నీ కలిశాయి. మధ్యాహ్నానికి పెరుగు నిషేధం.

ఆరేళ్ళూ ఆ పెరుగు తిన్న ఎనిమిది వందల మందిలో ముగ్గురికే ఎందుకు వచ్చిందని అడిగాను. మిగతావాళ్ళు ఆవిరి పట్టుకున్నారు కాబట్టి అన్నారు. ఇక గోడకు తల కొట్టుకోవడం ఒక్కటే మిగిలింది.

అయినా నేనేం తక్కువ తినలేదు. నిషేధించిన తొట్టి వంటింట్లో ఎందుకు, ఆస్పత్రిలో పెట్టండి, నేను కాపలా ఉంటానని చెప్పాను. పెద్ద భారం దిగినట్టు నలుగురు మోసుకొచ్చి నా గుమ్మంలో పెట్టిపోయారు. సాయంత్రమే యాకూబు దాన్ని కడగడం మొదలెట్టాడు. కొత్త టీకా చేతికి రావడానికి ఐదారు నెలలు పడుతుంది. ఐదారు నెలలకు ఈ ఊళ్ళో అరవై దాటినవాళ్ళు ఎందరు మిగులుతారో నేను లెక్క వెయ్యదలుచుకోలేదు.

నాలుగో చావు కూడా అయింది.

నమోదు 405. వెలుగు పక్షం చివర

ఆఖరి విడత టీకా పొడి సీసాలు నా చల్లటి అరలో ఉన్నాయి. గడువు ఇంకా దాటలేదు. తొట్టి పోయిన రోజున కోపంతో, జబ్బు తిరిగొచ్చిన నాటికి ఉంటాయని దాచిపెట్టాను. ఎన్ని పాడయ్యాయో తెలియక ఇన్నాళ్ళూ లెక్కలో వేసుకోలేదు. యాకూబూ నేనూ ఒక్కొక్కటే వెలుతురుకు పెట్టి చూశాం. మూత వదులై తేమ తగిలినవి పక్కన పారేస్తే సరిగ్గా అరవై ఎనిమిది సూదులు. పిల్లలకు ఒక్కొక్కటి వస్తుంది. ఎక్కువా లేదు, తక్కువా లేదు.

ఈ ఊళ్ళో మాట దాగదు. అదే రోజు కమిటీ ఉత్తర్వు వచ్చింది. ఉన్న సూదులన్నీ పెద్దలకు వెయ్యాలి, కమిటీ సభ్యులతో మొదలుపెట్టాలి. చస్తున్నది పెద్దలు, సూది కూడా పెద్దలకే అని కింద వివరణ. చూడ్డానికి ఎంత న్యాయంగా ఉందో. నిప్పు అంటుకున్నది వంటింట్లో, వీళ్ళు నీళ్ళ బిందె పట్టుకుని పడకగదిలో నిలబడతామంటున్నారు. పెద్దలకు వేస్తే సగంమందిలో పనిచేస్తుందేమో. ఆ అరిగిపోయిన ఒళ్ళల్లో అదీ గట్టిగా చెప్పలేను. పిల్లల ముక్కుల్లో మాత్రం క్రిమి అలాగే ఉంటుంది, సూది దొరకని పెద్దల్ని ఒక్కొక్కరినీ ఏరుకుంటుంది, ఇవాళ అరవై దాటనివాళ్ళు రేపు దాటుతారు. పిల్లలకు వేస్తే ఇప్పుడు ముక్కులో ఉన్నది వెంటనే పోదు. అది తనంతట పోవడానికి కొన్ని వారాలు పడుతుంది. పోయాక టీకా మళ్ళీ రానివ్వదు. ఆ కొన్ని వారాలూ మాత్రం పెద్దలు ఏ అండా లేకుండా ఉండాలి.

మామయ్య వచ్చాడు. మెట్ల మీద ఆగి, ఆయాసం తీర్చుకుని వచ్చాడు. మా అమ్మ పైన గాలి తలుపు దగ్గర పోయినప్పుడు నాకు తొమ్మిదేళ్ళు. అప్పట్నుంచి నాకు జడలు వేసిందీ, నన్ను వెంటబడి చదివించిందీ ఈయనే. జడలు మహా వంకరగా వేసేవాడు. ఏదీ తిప్పి మాట్లాడే మనిషి కాదు. కూర్చున్నాడు, అడిగాడు.

"నాకొకటి వెయ్యవే హైమా."

పిల్లలకు సరిపోనే ఉన్నాయని చెప్పాను. ఆయనకు వేస్తే ఒక పిల్లకు ఉండదని, ఆ పిల్ల ఆముక్తే అనుకోమని చెప్పాను. అరవై ఎనిమిదిలో ఒకటి పోతే కొంపలేం మునగవు కదా అన్నాడు. ఒకటని మొదలెడితే ఈ సాయంత్రానికి గుమ్మం ముందు ఊళ్ళో పెద్దలు ఎనభై మందీ నిలబడతారు, ఎవరి మామయ్యకు కాదంటాను అన్నాను.

"దానికి ఏ జబ్బూ లేదు. నాకు భయంగా ఉంది," అన్నాడు.

దాని ముక్కులోనే ఉంది మామయ్యా, నువ్వు దాని ఎంగిలి తినడం మానెయ్యి, అదే నీకు నేను వెయ్యగలిగిన సూది అని చెప్పాను. ఆయన మొహం చూడాల్సింది. నేనేదో ఆ పిల్లను బూతు తిట్టినట్టు చూశాడు. పసిదాని మీద నెపం వేసి బతికే ఖర్మ తనకు పట్టలేదన్నాడు. నా చెల్లెలి కూతురివి, నేను చచ్చినా ఫర్వాలేదనుకున్నావు, ఆ మాట నోటితో చెప్పు అన్నాడు. నేను చెప్పలేదు. అలా కాదు మామయ్యా అని కూడా చెప్పలేకపోయాను. ఎందుకంటే ఆయన సగం నిజమే అడిగాడు.

లేచి వెళ్ళిపోయాడు. మెట్ల మీద ఆయన ఆగి ఊపిరి పీల్చుకోవడం గదిలోకి వినిపించింది.

నమోదు 406. చీకటి పక్షం

వేసేశాను.

పిల్లల బరువు చూసే రోజు కదా అని అందర్నీ ఒక్కచోటికి పిలిపించాను. ఒకవైపు తూకం, ఇంకోవైపు యాకూబు సూది కలిపి అందించడం. ఆముక్తకు నేనే వేశాను. ఈసారి సూది ఇమ్మని పేచీ పెట్టింది.

అయ్యాక ఖాళీ సీసాలన్నీ ట్రేలో పెట్టుకుని కమిటీ బల్ల మీద పెట్టి వచ్చాను. గరుడాచలం గారు ఒక్కో సీసా తలకిందులు చేసి, చుక్కైనా మిగిలిందేమోనని చూశారు. ఆ కాసేపూ ఈ ఉద్యోగంలో నాకు దక్కిన ఏకైక సుఖం. తర్వాత అభిశంసన తీర్మానం పెట్టారు. ఉద్యోగం తీసేస్తామన్నారు. తీసేసి ఎవర్ని పెడతారో చెప్పండి, తాళాలు ఇచ్చేస్తానన్నాను. ఇంకో డాక్టరు రావాలంటే భూమి నుంచి ఓడ రావాలి. తీర్మానం పెట్టి, గాలి పీల్చి, ఊరుకున్నారు.

కమిటీలో నాగలింగం గారని ఒకాయన, మంచిమనిషి, తక్కువ మాట్లాడతాడు. ఆయన ఒక్కడే బయటికి వచ్చి, పిల్లలకు వేస్తే మాకు నిజంగా పనిచేస్తుందా అమ్మా అని అడిగాడు. పనిచేస్తుంది, కొన్నాళ్ళు వేరే కంచంలో తినండి అన్నాను. సరేనని తలూపాడు. నమ్మాడో, మర్యాదకు ఊపాడో తెలియలేదు.

నమోదు 407. వెలుగు పక్షం

నాగలింగం గారు పోయారు. వేరే కంచంలోనే తిన్నాడట. ఊతబిడ్డను ముద్దుపెట్టుకోవద్దని నేను చెప్పలేదు.

ఆయనకు సూది వేసి ఉంటే బతికేవాడా? బతికేవాడేమో. బతకకపోయేవాడేమో. ఆయన భార్య ఆస్పత్రికి వచ్చి, బల్ల మీద ఉన్న ఆయన కళ్ళజోడు తీసుకుని వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండేది. ఈ ఊళ్ళో నేను అసహ్యించుకోలేని మనుషులు చాలా కొద్దిమంది, వాళ్ళలో ఒకరిని నా నిర్ణయం తినేసింది. కమిటీ చదవదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను, నాకు నిద్ర పట్టడం లేదు.

మామయ్య ఛాతీ చూస్తానంటే చూడనివ్వడు. జ్వరం చూస్తానంటే గది తలుపు వేసుకుంటాడు. అందుకని రోజూ ఏదో వంక పెట్టుకుని ఆ వరండాలోంచి నడుస్తున్నాను. నాలుగో తలుపు మామయ్యది, దాని దగ్గరికి రాగానే అడుగులు నెమ్మది చేస్తాను. డాక్టరు చదువు చదివి చివరికి తలుపుకు చెవి పెట్టే బతుకయింది.

నిన్న లోపల నుంచి దగ్గు వినిపించింది. ఆగకుండా, ఊపిరి అందకుండా. తలుపు బాదాను, తీయలేదు, భుజంతో తోశాను. లోపల మామయ్య, ఆముక్త, ఎదురింటి ఆవిడ, ముగ్గురూ ఒకేసారి దగ్గుతున్నారు. ఎవరో కింద వంటింట్లో ఎండుమిరపకాయలు మాడబెట్టారు. పొగ గొట్టం ఇటువైపే ఉంది. మామయ్య నన్ను ఎగాదిగా చూసి మొహం తిప్పుకున్నాడు. నేనూ దగ్గుతూ బయటికి వచ్చి, గోడకు ఆనుకుని, సిగ్గులేకుండా ఏడ్చాను.

నమోదు 408. వెలుగు పక్షం

రెండు పక్షాలుగా నిమోనియా లేదు. కిందటి చీకటి పక్షానికి దినచర్యే పంపలేదు, ఎవరూ అడగలేదు.

మళ్ళీ ముక్కులు చూశాం. మొదట నలభై ఒకటి. పోయిన పక్షం పంతొమ్మిది. ఇవాళ మూడు. యాకూబు మూడో పళ్ళెం నాకు చూపించి, "ఇదీ పోతుంది మేడం, బలహీనంగా ఉంది" అన్నాడు. ఆముక్త పళ్ళెంలో ఏమీ లేదు. ఆ ఖాళీ పళ్ళేన్ని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. అంత అందమైన ఖాళీ నేనెప్పుడూ చూడలేదు.

తొట్టిలో కొత్త టీకా బాగా వస్తోంది. ఇప్పుడు పెరుగు ఆగిపోయి చావులు ఆగాయి కదా, ప్రమాదం తప్పింది కదా, తొట్టి కాచి మళ్ళీ వాడుకోవచ్చా అని కమిటీ నుంచి కబురు రానే వచ్చింది. తొట్టికి కఫదోషం లోపలిదాకా ఇంకిపోయింది, పదేళ్ళు అందులో తోడు వెయ్యకూడదు, వేస్తే ముందుగా ప్రమాదం పదవుల్లో ఉన్నవాళ్ళకే అని రాసిచ్చాను. వైద్యశాస్త్రం చెప్తే గంటసేపు వాదించినవాళ్ళు దీనికి ఒక్క ప్రశ్న అడగలేదు.

నమోదు 409. చీకటి పక్షం

సన్మాన సభ జరిగింది. నాకు కాదు లెండి, కంగారు పడకండి.

మహమ్మారిని పెరుగు నిషేధంతో నిలువరించినందుకు గరుడాచలం గారికి పెద్ద దండ. నిషేధం రాకముందే స్వచ్ఛందంగా పెరుగు మానేసిన పదకొండు మంది పెద్దలకు శాలువాలు. అందులో మా మామయ్య ఒకడు. స్వచ్ఛందం ఏమీ కాదు, ఆ వారం ఆయనకు పళ్ళు జివ్వుమంటుంటే మానేశాడు. అయినా మైకు ఇచ్చారు.

ఆయన మైకు దగ్గర ఆయాసం తీర్చుకుని మాట్లాడాడు. సూది లేకుండానే బతికానన్నాడు. ఎవరైనా నోరు కట్టుకుంటే చాలు, సూదులు అక్కర్లేదన్నాడు. ఆపైన, "నా చేతులతో పెంచిన పిల్ల నన్ను లెక్కలోంచి తీసేసింది. అయినా దేవుడు తియ్యలేదు" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు. అందరూ వెనక్కి తిరిగి నావైపు చూశారు.

నేను లేచి చెప్పొచ్చు. యాకూబు తెచ్చిన పళ్ళేలు చూపించొచ్చు, నలభై ఒకటి మూడైన సంగతి చెప్పొచ్చు. చెప్తే పిల్లల ముక్కుల మాట మళ్ళీ లేస్తుంది, సామాన్ల సొరంగం మాట కూడా లేస్తుంది. ఇంతకీ ఎవరికి చెప్పాలి? జబ్బు వచ్చి తగ్గినవాడు డాక్టరుకు దణ్ణం పెడతాడు. రాకుండా పోయిన జబ్బుకు ఎవరూ దణ్ణం పెట్టరు, వాళ్ళకు వచ్చేదని నేను రుజువు చెయ్యలేను. ఎనభై మందిలో ఎవరెవరు నా దయ వల్ల కూర్చుని చప్పట్లు కొడుతున్నారో నాకే తెలియదు. కాబట్టి ఒళ్ళో చేతులు పెట్టుకుని, నోరు మూసుకుని కూర్చున్నాను. వెధవలు, ఎంత గట్టిగా కొట్టారో చప్పట్లు. అంత గట్టిగా కొట్టాలంటే ఊపిరితిత్తులు బాగుండాలి.

భోజనాల దగ్గర మామయ్య ఎదురు వరసలో కూర్చున్నాడు, శాలువా తియ్యకుండానే. ఆముక్త ఒళ్ళో ఉంది. పప్పులో ఉప్పు తక్కువైంది. ఉప్పు గిన్నె నా దగ్గరుంది. ఆయన నావైపు చూడకుండా పిల్లతో అన్నాడు.

"డాక్టరమ్మ గారిని ఉప్పు ఇటు జరపమను, తల్లీ."

అది నాతో చెప్పింది. నేను జరిపాను. ఆయన ఉప్పు కలిపి, ముద్ద చేసి, పిల్ల నోట్లో పెట్టాడు. అది సగం కొరికి, కాసేపు నమిలి, నచ్చక బయటికి తీసి, తడి తడిగా ఉన్నదాన్ని ఆయన పెదాలకు ఆనించింది. ఆయన అప్పుడు మాత్రం ఒక్కసారి నావైపు చూశాడు, ఇప్పుడేమంటావు అన్నట్టు. ఆ ముద్ద గొంతు దిగేదాకా చూసి, తల వంచుకుని నా అన్నం నేను కలుపుకున్నాను.